సంక్రాంతికి ఊరెళ్తున్నారా? తిరిగొచ్చేలోపు ఇంటి కంప్యూటర్‌లో ఇవి చూసుకోండి

సిటీ నుంచే అమ్మానాన్నల కంప్యూటర్ సరిచేయాలి, అక్కడేమో నెట్ ఫోన్ హాట్‌స్పాటే అయితే:

– బ్యాంకు నుంచి అంటూ ఎవరు ఫోన్ చేసినా ఎనీడెస్క్ (దూరం నుంచే కంప్యూటర్ నడిపే యాప్) నంబరు చెప్పొద్దని గట్టిగా చెప్పండి. ఖాతాలు ఖాళీ అయ్యేది ఇలాగే. పొరపాటున చెప్పేస్తే వెంటనే నెట్ ఆపి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఈ నంబరు గోడ మీద రాసిపెట్టినా మంచిదే.

– ఇలాంటి యాప్ ఎంచుకునే ముందు ఆ హాట్‌స్పాట్ మీదే నడిపి చూడండి. స్క్రీన్ అక్కడి నుంచి రావాలి కాబట్టి అప్‌లోడ్ వేగమే ముఖ్యం.

– ఎనీడెస్క్, అలాంటిదే అయిన రస్ట్‌డెస్క్ రెండింటిలోనూ బొమ్మ నాణ్యత తగ్గించే సెట్టింగ్ ఉంది. ముందే పెట్టేయండి.

– విండోస్‌లో హాట్‌స్పాట్‌ను మీటర్డ్ కనెక్షన్ (డేటా పొదుపుగా వాడే సెట్టింగ్) చేయండి, లేదంటే అప్‌డేట్లు డేటా తినేస్తాయి.

– మాట్లాడటానికి వేరే ఫోన్ ఉంచండి. కొన్ని ఫోన్లలో కాల్ వస్తే నెట్ ఆగిపోతుంది.