కథ సినిమాకి అడిగారా? సంతకానికి ముందు ఈ జాగ్రత్తలు

ఆదివారం సంచికలో కథ అచ్చయిన వారంలోనే ఫోను రావచ్చు: "మీ కథ చదివామండీ, సినిమాగా చేద్దామనుకుంటున్నాం" అని. కథ దొంగతనం కంటే ఆ సంతోషంలో పెట్టే సంతకమే కథకులను ఎక్కువగా ముంచుతుంది. అడిగినవాళ్లకు ఏ హక్కు కావాలో అది మాత్రమే, ఎంతకాలం కావాలో అంతకాలమే ఇవ్వండి.

ఫోను వచ్చిన రోజు వాట్సాప్‌లో "తప్పకుండా చేసుకోండి సార్, నాకేం అభ్యంతరం లేదు" అని పంపకండి. రేపు తగాదా వస్తే దాన్నే రాతపూర్వక అనుమతిగా చూపిస్తారు. "ఆసక్తి ఉంది, ఒప్పందం రాసుకున్నాక మాట్లాడుకుందాం" అంటే చాలు. ఇంకా రాయని కథను కాఫీ హోటల్లో కూర్చుని లైనుగా (రెండు ముక్కల్లో) వినిపించకండి. ఆలోచనకు కాపీరైట్ లేదు, దాన్ని మలిచిన తీరుకే ఉంటుందని 1978లో నాటక రచయిత ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముందు పూర్తిగా రాసి, మీ మెయిల్‌కి పంపుకుని తేదీ నిలబెట్టుకోండి. అచ్చయిన కథయితే పత్రిక ముఖచిత్రం, సంపాదకుల వివరాల పేజీ, కథ పేజీలు స్కాన్ చేసి దాచండి. కాపీరైట్ ఆఫీసులో ఫారం 14 మీద నమోదుకు రుసుము 500 రూపాయలు. నమోదు తప్పనిసరి కాదు గానీ కోర్టులో బలమైన ఆధారం.

తర్వాత, సినిమా హక్కు ఇంకా మీ చేతిలోనే ఉందా చూసుకోండి. పోటీకి పంపినప్పుడు సంతకం చేసిన హామీపత్రం, సంకలనం ప్రచురణకర్తతో రాసుకున్న కాగితం, కథల యాప్‌లో 'అంగీకరిస్తున్నాను' అని నొక్కిన షరతులు: మూడూ బయటకు తీసి చదవండి. పొలం కొనేవాళ్లు లింకు డాక్యుమెంట్లు అడిగినట్టే, ఓటీటీ సంస్థలు కథ ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో వరుసగా కాగితాలు అడుగుతాయి. మధ్యలో ఒక్కటి తెగినా నిర్మాత వెనక్కి తగ్గుతాడు.

ఈ లింకు తెగేది ఎక్కువగా షార్ట్ ఫిల్మ్ దగ్గరే. సినిమా నేర్చుకునే కుర్రాళ్లు ఉచితంగా అడుగుతారు. ఇవ్వండి, వాళ్లని ప్రోత్సహించాలి కూడా. అయితే అనుమతి ఉత్తరంలో స్పష్టంగా రాయండి: ఒక్క లఘుచిత్రం, ఇన్ని నిమిషాలు మించకుండా, ఇదే భాషలో, ఫలానా ఛానెల్లో, చిత్రోత్సవాలకు పంపుకోవచ్చు, రీమేక్, పూర్తి నిడివి సినిమా, వెబ్ సిరీస్ హక్కులు రచయితవే. ఇదేమీ రాయకుండా ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇస్తే, రెండేళ్ల తర్వాత పెద్ద నిర్మాత వచ్చినప్పుడు ఆ పాత కాగితమే అడ్డం పడుతుంది.

ఇక అసలు ఒప్పందం. కాపీరైట్ చట్టం సెక్షన్ 19 మీ పక్షాన ఉంది. హక్కుల బదిలీ రాతలో, సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. బదిలీ చేయించుకున్నవాళ్లు ఏడాదిలోపు హక్కును వాడకపోతే అది రద్దయినట్టే. అందుకే చాలా ముసాయిదాల్లో చివరి పేజీల్లో ఎక్కడో ఒక వాక్యం కూర్చుంటుంది: 'సెక్షన్ 19(4), 19(5), 19(6) వర్తించవు' అని, అంటే పైన చెప్పిన ఏడాది గడువు, 5 ఏళ్లు, భారతదేశం అన్న మూడు రక్షణలూ పోతాయి. దానితో పాటు 'శాశ్వతంగా, విశ్వవ్యాప్తంగా' అని ఉంటుంది. ఆ రెండూ కలిస్తే సినిమా ఎప్పటికీ తీయకపోయినా కథ మీకు తిరిగి రాదు. ఆ వాక్యం కొట్టేయించండి. ఒప్పుకోకపోతే గడువు పెట్టండి: 18 నెలల్లో షూటింగ్ మొదలవకపోతే హక్కులు రచయితకు తిరిగొస్తాయి, అడ్వాన్సు వెనక్కివ్వనక్కర్లేదు అని.

డబ్బింగ్, రీమేక్, రెండో భాగం, పాత్రలతో సిరీస్: ఒక్కోటి విడిగా రాయించి, దేనికెంతో తేల్చుకోండి. పుస్తకం, ఆడియో, నాటకం మీ దగ్గరే ఉంచుకోండి. సంతకం చేస్తున్నది దర్శకుడా, నిర్మాణ సంస్థా? దర్శకుడైతే, మీ రాతపూర్వక అనుమతి లేకుండా ఇంకొకరికి బదలాయించకూడదని ఉండాలి, ఎందుకంటే నిర్మాతలు మారుతూనే ఉంటారు.

డబ్బు మూడు విడతల్లో అడగండి: సంతకం రోజు, కెమెరా స్విచాన్ రోజు, విడుదలకు ముందు. 'విడుదల తర్వాత' అన్న విడత ఒప్పుకోవద్దు. సినిమా పోతే ఆ డబ్బు రాదు. పూర్తి పైకం అందాకే హక్కు బదిలీ అవుతుందన్న వాక్యం ముఖ్యం. పాన్ ఇవ్వకపోతే 10 శాతానికి బదులు 20 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) పడుతుంది.

పేరు సంగతి మొహమాటపడకండి. తెర మీద 'కథ' అనా, 'మూలకథ' అనా, మొదటి టైటిల్స్‌లో విడి కార్డా, పోస్టర్ మీద ఉంటుందా, పేరు ఏ అక్షరాలతో అన్నదంతా ఒప్పందంలోనే ఉండాలి. లేకపోతే చివర్లో పరుగెత్తే కృతజ్ఞతల జాబితాలో తేలుతారు. మార్పులు చేసుకోవడానికి ఒప్పుకున్నా, కథను వక్రీకరించి మీ ప్రతిష్ఠకు భంగం కలిగిస్తే అదే చట్టంలోని సెక్షన్ 57 మీకు రక్షణగా ఉంది. హక్కులిచ్చిన తర్వాత కూడా రచయితకు ఆ రక్షణ ఉంటుందని 1986లో హిందీ రచయిత్రి మన్నూ భండారీ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది.

'ఏ కేసు వచ్చినా రచయితే భరించాలి' అన్న షరతును మీ అసలు కథవరకే, మీకు అందిన పైకంవరకే పరిమితం చేయించండి. వాళ్లు కలిపిన సన్నివేశానికి మీరెందుకు పూచీ పడాలి?

కథ రాసినవారు బతికి లేకపోతే వారసులందరి సంతకాలూ కావాలి. కాపీరైట్‌కు, మరణించిన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు లెక్క: 1979లో పోయిన చలం కథలకు 2039 చివరిదాకా అనుమతి అవసరం.

అనుమతి లేకుండా తీశారని టీజర్లోనే అనుమానం వస్తే ఫేస్‌బుక్‌లో పోస్టుతో మొదలుపెట్టకండి. టీజర్ దాచుకుని, పోలికలు సన్నివేశాలవారీగా రాసుకుని, అదే వారంలో లాయర్ నోటీసు పంపండి. విడుదల ముందురోజు కోర్టుకెళితే స్టే దొరకడం కష్టం. ఇన్నాళ్లూ ఏం చేశారని జడ్జిగారు మిమ్మల్నే అడుగుతారు.