పగడాల మీద తేలడానికి ముందు: జాలీ బోయ్ బోటు ప్రయాణానికి సన్నద్ధత

విశాఖపట్నం నుంచి ఓడలోనో, విమానంలోనో అండమాన్ చేరి జాలీ బోయ్ దీవికి వెళ్లే మనవాళ్లలో చాలామంది ఈత రాదన్న భయంతో అద్దం అడుగున్న బోటులో కూర్చుని పగడాలను పైనుంచే చూసి వచ్చేస్తారు. నిజానికి కళ్లకు మాస్కు, నోట్లో గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ అడుగును చూసే స్నార్కెలింగ్‌కు గొప్ప ఈత అక్కరలేదు. లైఫ్ జాకెట్ మనిషిని తేలుస్తుంది, గొట్టం గాలి అందిస్తుంది. ముఖం నీటిలో ఉంచి నోటితో నింపాదిగా ఊపిరి తీసుకోవడం ఒక్కటే మనం నేర్చుకోవాలి. అది కూడా పగడాల దగ్గరకు వెళ్లాక కాదు, ముందురోజే, ఇసుక నేల మీద నడుము లోతు నీటిలో నేర్చుకోవాలి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నా మొదటి ప్రయాణంలో మాస్కులోకి నీరు రాగానే కంగారుపడి కాళ్లు కిందికి దించాను. పాదం కింద కొమ్మ పగడం అప్పడంలా విరిగిన చప్పుడు నీటిలో స్పష్టంగా వినిపించింది. రాయిలా కనిపించినా అది రాయి కాదు. పాలిప్‌లనే చిన్న జీవులు సున్నంతో కట్టుకున్న ఇల్లు. వాటి ఒంట్లో ఉండే సూక్ష్మ శైవలాలు, అంటే కంటికి కనిపించనంత చిన్న నాచు, ఎండతో ఆహారం తయారుచేసి వాటిని పోషిస్తాయి. నీటి వేడి మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒకటి రెండు డిగ్రీలు పెరిగి వారాల తరబడి నిలిస్తే ఆ శైవలాలు వెళ్లిపోయి పగడం తెల్లబడుతుంది. 2010లో అండమాన్‌లో పెద్ద ఎత్తున జరిగింది ఇదే. ఇలాంటి దెబ్బలు తిన్న పగడానికి మన పాదాల బరువు కూడా తోడు కాకూడదు.

మాస్కును దుకాణంలోనో జెట్టీ దగ్గరో తీసుకునేటప్పుడు పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో కొద్దిగా గాలి పీల్చి చెయ్యి వదిలి చూడండి. పడిపోకుండా అతుక్కుని ఉంటే అది మీ ముఖానికి సరిపోయినట్టే. అంచు కింద ఒక్క వెంట్రుక చిక్కుకున్నా, మీసం దట్టంగా ఉన్నా నీరు కారుతుంది; అప్పుడు పట్టీ ఇంకా బిగిస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. లోపలి అద్దానికి ఉమ్మి గాని, ఒక చుక్క పిల్లల షాంపూ గాని రుద్ది, ఒకసారి తొలిపితే ఆవిరి పట్టదు. కళ్లజోడు కాళ్లు మాస్కు అంచును ఎత్తేస్తాయి కాబట్టి, చూపు తక్కువైనవారు పవర్ అద్దాల మాస్కు దొరుకుతుందేమో ముందే విచారించుకోవాలి.

ఇక సాధన. గొట్టం చివరి రబ్బరును పళ్ల మధ్య మెల్లగా పట్టుకుని, పెదవులు మూసి, ముఖం నీటిలో ఉంచి నిదానంగా, లోతుగా ఊపిరి తీసుకోండి. చిన్న చిన్న ఊపిరులు తీస్తే గొట్టంలో మిగిలిన పాత గాలే మళ్లీ లోపలికి వస్తుంది, ఆయాసం మొదలవుతుంది. గొట్టంలోకి నీరు వస్తే గట్టిగా ‘ఫూ’ అని ఊది, తరువాతి ఊపిరిని జాగ్రత్తగా తీయాలి. మాస్కులోకి వస్తే తల కొద్దిగా ఎత్తి, పై అంచును వేలితో నొక్కి ముక్కుతో గాలి వదిలితే నీరు కింద నుంచి పోతుంది. ఈ రెండూ పదేసిసార్లు చేసేసరికి భయం పోతుంది.

జాలీ బోయ్‌కి బోటు వండూర్ జెట్టీలో బయలుదేరుతుంది. మొన్నటిదాకా పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన శ్రీ విజయపురం నుంచి అక్కడికి రోడ్డు మీద వెళ్లాలి. ఈ దీవి 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కులోది. పగడాలకు విశ్రాంతినివ్వడానికి దీన్ని ఏడాదిలో కొన్ని నెలలే తెరుస్తారు, మిగతా కాలంలో రెడ్ స్కిన్ దీవికి పంపుతారు. కాబట్టి ఏది తెరిచి ఉందో, సెలవురోజు ఏదో కనుక్కుని వెళ్లండి. ప్లాస్టిక్ సంచులను జెట్టీలోనే ఆపుతారు. కడుపులో తిప్పేవారు వైద్యుడు చెప్పిన మాత్రను బోటెక్కకముందే వేసుకుని, బోటు మధ్యలో కూర్చుని దూరాన ఆకాశం, నీరు కలిసే గీతను చూస్తూ ఉండాలి. వీపు కాలకుండా క్రీముకు బదులు నిండు చేతుల చొక్కా వేసుకోవడం నాకు మేలనిపిస్తుంది. ఆక్సీబెంజోన్ అనే రసాయనం ఉన్న క్రీములు పగడాలకు హాని చేస్తాయన్న ఆందోళనతో హవాయి 2021 నుంచి వాటి అమ్మకాన్ని నిషేధించింది.

నీటిలోకి దిగాక ఒంటిని పరచిన చాపలా అడ్డంగా ఉంచి, చేతులు పక్కకు చేర్చి, తుంటి నుంచి మెల్లగా కాళ్లాడించాలి. నీటిలో వస్తువులు ఉన్నదానికంటే దగ్గరగా, పెద్దగా కనిపిస్తాయి; పగడానికి తగలకుండా ఉన్నామో లేదో కంటితో సరిగా తెలియదు, అందుకే ఎప్పుడూ ఒక మనిషి పొడవు దూరం ఉంచుకోండి. అమావాస్య, పున్నములకు పోటూ పాటూ ఎక్కువ; పాటు సమయంలో పగడాల దిబ్బ మీద నీరు తగ్గిపోయి మోకాళ్లు గీసుకుంటాయి. గైడు చూపిన హద్దు దాటకండి, ఒంటరిగా వెళ్లకండి. అండమాన్ తీరంలో ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి కనుక హెచ్చరిక బోర్డున్న చోట దిగనే వద్దు. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు వైద్యుణ్ణి అడిగి గాని దిగకూడదు.

ఇలా నిశ్చలంగా తేలితేనే చేపలు భయపడకుండా దగ్గరకు వస్తాయి. చిలుక చేప పగడాన్ని కొరికే టకటక చప్పుడు వినిపిస్తుంది. ఆ కొరికిన సున్నమే పొడై ఇసుకగా బయటికి వస్తుంది. సముద్రపు పువ్వు (సీ అనిమోన్ అనే జీవి) మీసాల మధ్య నారింజ రంగు క్లౌన్ చేప తొంగి చూస్తుంది. వాటికి రొట్టె ముక్కలు వేయకండి.

ఒడ్డున పడి ఉన్న చచ్చిన పగడాన్ని కూడా సంచిలో వేసుకోకూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికీ వర్తిస్తుంది. తిరిగి వచ్చాక మాస్కునూ గొట్టాన్నీ మంచినీటితో కడిగి నీడలో ఆరబెట్టండి.