555 ఐసీతో బజర్ చేసే ముందు

555 అనే చిన్న టైమర్ చిప్‌తో (ఐసీ) బజర్ చేయడానికి బెజవాడ గవర్నర్‌పేటలో సామాన్లు కొనుక్కొచ్చారా? సోల్డరింగ్ ఐరన్ (తీగలు అతికించే పనిముట్టు) వేడెక్కించే ముందు ఇవి చూసుకోండి.

• ఇంటి కరెంటు జోలికి వెళ్లొద్దు. 9 వోల్టుల బ్యాటరీ చాలు.

• ఐసీ మీది గాటు ఎడమవైపు ఉంచితే, కింది వరుసలో ఎడమ చివరిది 1వ పిన్ను. దానికి మైనస్, దానికి సరిగ్గా పైన పై వరుసలో ఉన్న 8వ పిన్నుకు ప్లస్. తారుమారైతే ఐసీ కాలిపోతుంది. నాకు ఒకటి అలాగే పోయింది, అప్పటి నుంచి బ్యాటరీ తగిలించే ముందు రెండుసార్లు సరిచూస్తాను.

• 8 ఓమ్‌ల స్పీకరును 3వ పిన్నుకు నేరుగా కలపకండి. మధ్యలో 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టండి, ప్లస్ కాలు ఐసీ వైపు.

• ఐరన్ మొన 300 డిగ్రీలు దాటుతుంది, స్టాండు తప్పనిసరి. బెజవాడ మే ఎండలకు కిటికీ మూసేయాలనిపిస్తుంది. మూయకండి, పొగ బయటికి పోవాలి.

• అతుకు వేసే సోల్డర్ తీగల్లో చాలావాటిలో సీసం ఉంటుంది. చేతులు సబ్బుతో కడిగాకే అన్నం.