కొత్తగా పెంచిన గది కాగుతోందా, చెమ్మగిల్లుతోందా? క్యావిటీ గోడ, ఇన్సులేషన్: సమస్య - పరిష్కారం

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో ఎండ దెబ్బ పడమటి గోడకు. ఈశాన్య రుతుపవనాల వాన జల్లు తూర్పు, ఉత్తరం గోడలకు. ఒకే గదిలో రెండు గోడలకు రెండు రకాల జబ్బులు వస్తాయి కాబట్టి, ఏ గోడకు ఏ బాధో తేల్చుకున్నాకే ఇన్సులేషన్ (వేడిని ఆపే బోర్డు) కొనాలి.

సమస్య: రాత్రి పదయినా గది చల్లబడదు

ముందు వేడి ఎక్కడి నుంచి దిగుతోందో చూడండి. మే నెలలో సాయంత్రం 4 గంటలకు ఒకసారి, రాత్రి 9 గంటలకు మరోసారి సీలింగుకు, పడమటి గోడకు చెయ్యి ఆనించండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ దొరికితే ఇంకా మంచిది. 5 అంగుళాల శ్లాబులో వేడి మూడు నాలుగు గంటల్లోనే లోపలికి దిగుతుంది. 9 అంగుళాల ఇటుక గోడకు ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. నాలుగింటికి సీలింగు కాలుతుంటే డబ్బు ముందు శ్లాబు మీద పెట్టండి. మిద్దె మీద వేసిన గదుల్లో ఎక్కువగా ఇదే కారణం. గోడ లోపల బోర్డులు పెట్టినంత మాత్రాన శ్లాబు వేడి ఆగదు.

తొమ్మిదింటికి పడమటి గోడ కాగుతుంటే తప్పు గోడదే. పాత 9 అంగుళాల గోడల్లో క్యావిటీ (రెండు ఇటుక వరసల మధ్య వదిలే ఖాళీ) ఉండదు. కిటికీ దగ్గర ప్లాస్టరింగుతో కలిపి మందం కొలవండి: 10 అంగుళాలుంటే నిండు గోడే. అలాంటి గోడకు రంధ్రాలు చేసి లోపల ఇన్సులేషన్ నింపుతామంటే నమ్మకండి, నింపడానికి చోటే లేదు. దానికి బయటి వైపు బోర్డు అంటించి, మెష్ పరిచి పూత పూయడమే మార్గం.

కొత్తగా కట్టే గోడకైతే వరస ఇది: బయట 4½ అంగుళాల ఇటుక, 25 మి.మీ. ఖాళీ, లోపలి ఇటుకకు ఆనించిన 50 మి.మీ. బోర్డు, లోపల 4½ అంగుళాల ఇటుక. మొత్తం ఇంచుమించు 12 అంగుళాలు. ఇటుకల లెక్క 9 అంగుళాల గోడకు అయినంతే. ఖాళీ ఒక్కటే వదిలితే వేడి పావు వంతు తగ్గుతుంది. బోర్డు కూడా పెడితే నాలుగో వంతుకు పడిపోతుంది. ఒక్క జాగ్రత్త: 9 అంగుళాల ప్లింత్ బీము (పునాది మీద గోడను మోసే కాంక్రీటు బీము) మీద 12 అంగుళాల గోడ నిలవదు. పునాది వేసేటప్పుడే ఇంజనీరుతో బీము వెడల్పు తేల్చుకోండి.

బోర్డు ఎంపికలో మా సలహా సూటిగా: సముద్రానికి దగ్గరి ఊళ్లలో ఎక్స్‌పీఎస్ (నీరు అంతగా పీల్చని గట్టి ఫోమ్ బోర్డు) తీసుకోండి. గ్లాస్ ఊల్, రాక్ ఊల్ వేడిని బాగానే ఆపుతాయి. కానీ తడిసి బరువెక్కాయంటే ఆ గుణం పోతుంది, గోడ మధ్యలో ఆరే దారీ ఉండదు. మార్కాపురం వైపు పొడి ప్రాంతాల్లో థర్మోకోల్ (ఈపీఎస్) సరిపోతుంది, అదీ మంట తేలిగ్గా అంటుకోని రకం, ఘనపు మీటరుకు 20 కిలోల సాంద్రత ఉన్నది. దుకాణంలోనే తూచండి: మీటరు పొడవు, మీటరు వెడల్పు, 50 మి.మీ. మందం ఉన్న షీటు కిలో తూగాలి. అరకిలో తూగితే అది టీవీ పెట్టెల్లో పెట్టే ప్యాకింగ్ సరుకు.

12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గోడలో 4×4 కిటికీ పోతే 104 చదరపు అడుగులు మిగులుతాయి. 1250×600 మి.మీ. బోర్డులు 13 పడతాయి, కోతలతో కలిపి 15 తెప్పించండి.

సమస్య: నవంబరు వానలకు లోపలి గోడ మీద చెమ్మ మచ్చలు

ఒక అడుగు చదరం పాలిథిన్ కాగితాన్ని మచ్చ మీద పరిచి నాలుగు వైపులా టేపు వేసి, ఒక రోజు వదలండి. కాగితం వెనక నీరుంటే గోడలోంచి వస్తోంది. గది వైపు నీరుంటే గాలిలోని తేమ పట్టింది, గాలి ఆడేలా చేస్తే చాలు.

క్యావిటీ గోడలోంచి వస్తుంటే చాలావరకు మాలు తప్పే. ఇటుక పేర్చేటప్పుడు జారిన మాలు క్యావిటీ అడుగున గుట్టపడుతుంది, కొంత టైల (రెండు ఇటుక వరసల్ని కలిపే లోహపు కడ్డీల) మీద గడ్డకడుతుంది. బయటి ఇటుక పీల్చిన వాన నీటికి అదే వంతెన. బయటి ఇటుక అడుగు వరసలో మచ్చకు ఎదురుగా రెండు మూడు ఇటుకలు తీసి, టార్చితో చూసి, ఇనుప చువ్వతో గడ్డలు కొట్టి బయటికి లాగండి. తర్వాత అదే వరసలో ప్రతి 3 అడుగులకు ఒక నిలువు జాయింటు నీరు బయటికి పోయేలా మాలు లేకుండా వదిలి, ఎలుకలు దూరకుండా మెష్ పెట్టండి. కిటికీ లింటల్ పైనా అంతే: నీటిని బయటికి వంచే పాలిథిన్ ట్రే, దాని రెండు చివర్లా రంధ్రాలు. ఈ ట్రే లేక కిటికీ పై మూలల్లో చెమ్మ దిగిన ఇళ్లు చాలా ఉన్నాయి.

ఇంకా కట్టకపోతే ఇదంతా తప్పించుకోవచ్చు. క్యావిటీ వెడల్పుకు సరిపోయే చెక్క పట్టీకి రెండు చివర్లా తాడు కట్టి టైల మీద ఆనించండి. మరో వరస టైలు వేసే ముందు పైకి లాగి, పడిన మాలు తుడిచేసి మళ్లీ దింపండి. మేస్త్రీ విసుక్కున్నా ఈ పని మానిపించవద్దు.

సమస్య: బయటి పూత మీద తుప్పు చారలు

రెండు వరసల్ని కలిపే టైలు మామూలు ఇనుపవైతే ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉబ్బుతాయి, మాలు జాయింట్లు పగులుతాయి. కొత్తపట్నం, కావలి తీరాల్లో గాల్వనైజ్డ్ కూడా ఎక్కువ కాలం నిలవదు. 225 మి.మీ. పొడవున్న 316 గ్రేడు స్టెయిన్‌లెస్ టైలే వాడండి. అడ్డంగా 900 మి.మీ., నిలువుగా 450 మి.మీ., వరస వరసకు మధ్యలోకి జరుపుతూ. కిటికీ పక్కల ప్రతి 300 మి.మీ.కు ఒకటి. పై లెక్క గోడకు 35 చాలు. ప్రతి టై కొద్దిగా బయటికి వాలి ఉండాలి. లోపలికి వాలితే నీటిని గదిలోకి మోస్తుంది.

సమస్య: బోర్డు పెట్టినా ఏసీ ఆగకుండా తిరుగుతుంది

బోర్డుల మధ్య సందులు వదిలినా, బోర్డు లోపలి ఇటుకకు అంటకుండా వదులుగా నిలబడినా వెనక గాలి తిరిగి పెట్టిన ఖర్చు దండగవుతుంది. జాయింట్లకు టేపు వేసి, టైలకున్న బిళ్లలతో బోర్డును బిగించాలి. ఇక కాంక్రీటు స్తంభాలు, బీములు ఇటుక కంటే వేగంగా వేడిని మోస్తాయి, వాటి బయటి ముఖానికి 25 మి.మీ. బోర్డు, మెష్, పూత వేయండి.

కరెంటు తీగలు థర్మోకోల్‌కు తగలకూడదు, తగిలితే తీగ పైతొడుగు పెళుసుబారి పాడవుతుంది. పైపులోంచే లాగాలి. చెదల మందు పునాది దశలోనే కొట్టించండి.

సమస్య: పాత గోడ, కొత్త గోడ కలిసేచోట నిలువు బీట

నల్లరేగడి నేలల్లో కొత్త పునాది ఎంతో కొంత దిగుతుంది, పాతది ఏనాడో దిగి కుదురుకుంది. దంతాలు కొట్టి రెండింటినీ గట్టిగా కలిపేస్తే బీట తప్పదు. ఆ బీటలో సిమెంటు నింపితే మరుసటి ఎండాకాలానికి మళ్లీ తెరుచుకుంటుంది. 20 మి.మీ. జాయింటు వదిలి, లోపల ఫోమ్ తాడు కుక్కి, పైన పాలీసల్ఫైడ్ సీలెంటు వేయండి. పాతది నిండు గోడ కాబట్టి దాని చెమ్మ కొత్త లోపలి వరసకు పాకకుండా, కలిసేచోట నేల నుంచి శ్లాబు దాకా నిలువుగా డీపీసీ (చెమ్మను ఆపే) పట్టీ పెట్టించండి.