ఆఫ్-వైట్ వేయిస్తే గోడ ఆకుపచ్చగా కనిపిస్తోందా? మా హాలు ఇలా బాగుపడింది

మియాపూర్‌లో మా ఫ్లాటు హాలుకి ఆఫ్-వైట్ వేయించాం. షేడ్ కార్డులో మీగడలా ఉన్న రంగు, రాత్రి లైటు వేయగానే పాలిపోయిన ఆకుపచ్చగా మారిపోయేది. మా అత్తయ్య చూసి, "ఇల్లు ఆస్పత్రిలా ఉందేంటమ్మా" అన్నారు. ఇంకో కోటు వేయించాం, తెలుపు కలిపించాం, కర్టెన్లు మార్చాం, ఏదీ పనిచేయలేదు.

చివరికి పనిచేసింది ఇది. మూడు షేడ్లు లీటరు చొప్పున తెచ్చాను. ఒక్కోదాన్నీ పెద్ద డ్రాయింగ్ షీటు మీద రెండు కోట్లు వేసి, చుట్టూ అంగుళం తెల్ల అంచు వదిలాను. ఆ అంచు లేకపోతే పాత గోడ రంగు కంటిని మోసం చేస్తుంది. రాత్రంతా ఆరనిచ్చాను, తడి మీద చూసింది నమ్మకూడదు. పొద్దున్న పక్కన మామూలు జిరాక్స్ కాగితం పెట్టి చూశాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి! "తెలుపు" అనుకున్న వాటిలో ఒకటి పసుపు, ఒకటి బూడిద, ఒకటి లేత గులాబీ.

తర్వాత షీట్లను టేపుతో గోడకి నిలువుగా అంటించి, కిటికీ పక్కనా ఎదురుగానూ మార్చి మార్చి, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి లైట్ల కింద చూశాను. మా ఎల్‌ఈడీలు 6500 కెల్విన్‌వి (కెల్విన్ అంటే వెలుగు రంగుకి కొలత), నీలం పాలు ఎక్కువ. వాటి కింద పసుపు ఛాయ ఆకుపచ్చగా మారింది, గులాబీ ఛాయ మాత్రం నిలబడింది. అదే వేయించాం.

మాది ఉత్తరం వైపు హాలు, బయట వేపచెట్టు. పడమటి ఎండ పడే గదిలోనో, పసుపు వెలుగిచ్చే 3000 కెల్విన్ బల్బుల కిందో ఇదే షేడ్ ఎర్రబడవచ్చు. అందుకే షేడ్ నంబరు ఇవ్వట్లేదు, షీట్లు మీ గోడ మీదే పెట్టి చూడండి.