ఛాతీ బ్యాడ్జి బాగానే ఉంది, ఉంగరం బ్యాడ్జి ఎందుకు పెరిగింది?

ఉద్దానం నుంచి కిడ్నీ స్కాన్‌కు వచ్చేవారికి టెక్నీషియం-99ఎం అనే, గామా కిరణాలు వెలువరించే రేడియోధార్మిక మందును ఎక్కించే పనిలో మన శ్రీకాకుళం, విజయనగరం పిల్లలూ ఉన్నారు. ఇది వారి వేళ్లకు తగిలే రేడియేషన్ గురించి. ఆ రేడియేషన్‌ను కొలిచే బ్యాడ్జినే టీఎల్‌డీ అంటారు, ఒకటి ఛాతీకి, ఒకటి ఉంగరంలా వేలికి పెట్టుకుంటారు.

సమస్య: ఛాతీ టీఎల్‌డీ తక్కువ, ఉంగరం టీఎల్‌డీ ఎక్కువ

కారణం: సిరంజి ఛాతీకి మూరెడు దూరంలో ఉంటుంది. వేళ్లకూ మందుకూ మధ్య మాత్రం పలుచని ప్లాస్టిక్ తప్ప ఏమీ లేదు. రబ్బరు తొడుగు మరకను ఆపుతుంది, గామా కిరణాలను ఆపదు.

పరిష్కారం: సిరంజికి టంగ్‌స్టన్ కవచం తొడగండి. టెక్నీషియంకు 2 మిల్లీమీటర్ల మందం చాలు. పెట్ స్కాన్‌లో వాడే ఎఫ్-18 అనే రేడియోధార్మిక పదార్థం కిరణాల శక్తి ఇంకా ఎక్కువ, 511 కేఈవీ (కిరణాల శక్తికి కొలమానం). దానికి కనీసం 5 మిల్లీమీటర్లు కావాలి, 8 అయితే ఇంకా మేలు. మందు సీసాను వేళ్లతో కాక పటకారుతో ఎత్తండి. కవచం బరువని, పని ఆలస్యమవుతుందని పక్కన పెట్టేవారున్నారు. నేను దాన్ని ఒప్పుకోను. ఉప్పునీటి సిరంజితో సాధన చేస్తే చేయి అలవాటు పడుతుంది.

సమస్య: ఇంజెక్షన్ల దగ్గరే రేడియేషన్ మోతాదు పెరుగుతోంది

కారణం: నరం దొరకదు. ఏళ్ల తరబడి సూదులు పడిన కిడ్నీ రోగుల చేతుల్లో ఇది మామూలే. నరం వెతికినంతసేపూ మందు మీ వేళ్ల మధ్యనే ఉంటుంది.

పరిష్కారం: ముందు క్యాన్యులా (నరంలో ఉంచే సన్నని గొట్టం) వేసి, ఉప్పునీటితో సరిచూసుకుని, ఆ తర్వాతే మందు సిరంజిని బయటికి తీయండి. డయాలసిస్ ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలను కలిపిన చోటు) ఉన్న చేయి జోలికి వెళ్లొద్దు.

సమస్య: ఉంగరం అంకె చాలా తక్కువగా ఉంది

దీన్ని చూసి నిశ్చింతగా ఉండకండి. సాధారణంగా ఎక్కువ తగిలేది వాటం కాని చేతి (కుడిచేతి వాటం వారికి ఎడమచేతి) చూపుడు వేలి కొనకు. ఉంగరాన్ని ఆ వేలి మొదట్లో, టీఎల్‌డీ అరచేతి వైపు ఉండేలా పెట్టుకోవాలి. అలా పెట్టుకున్నా వేలి కొనకు సుమారు ఆరు రెట్లు ఉండవచ్చు. చేతులకు ఏడాది పరిమితి 500 మిల్లీసీవర్ట్‌లు (రేడియేషన్ మోతాదుకు కొలమానం). అంకెను ఆరుతో హెచ్చవేసి చూసుకోండి.

సమస్య: ఒక్కసారిగా అంకె ఎగబాకింది

ఉంగరాన్ని హాట్ ల్యాబ్‌లో (రేడియోధార్మిక మందులు సిద్ధం చేసే గది) వదిలేశారా, దానిమీద మందు చింది పడిందా చూడండి. చేతికి అంటితే గోరువెచ్చని నీళ్లు, సబ్బుతో మృదువుగా కడిగి రేడియేషన్ మానిటర్‌తో పరీక్షించండి. గట్టిగా రుద్దితే చర్మం గీసుకుపోయి మందు లోపలికి వెళ్తుంది. రేడియేషన్ భద్రతా అధికారికి ఆ రోజే చెప్పండి.

సమస్య: వేళ్లు ఎర్రబడ్డాయి

పరిమితిలోని మోతాదుకు చర్మం ఎర్రబడదు. శానిటైజరు, రబ్బరు తొడుగు పడకపోవడం ఎక్కువగా కారణాలు. అయినా దాచకండి, అధికారికి, చర్మ వైద్యునికి చూపించండి.