పాత సమాధి రాళ్లు చదవడం ఎలా?

ఊరి చరిత్ర మీద పని చేయాలనుంది, ఎక్కడ మొదలుపెట్టమంటారు అని ఎవరడిగినా నేను సమాధుల దగ్గరే అంటాను. మనకి బందరులో, భీమిలిలో డచ్చి శ్మశానాలున్నాయి. అద్దకం బట్టల కోసం 17వ శతాబ్దం మొదట్లో ఓడలెక్కి వచ్చినవాళ్లు, 1825లో మన తీరంలోని చివరి స్థావరాలు ఇంగ్లీషువాళ్లకి అప్పగించేదాకా ఇక్కడే బతికారు, ఇక్కడే పోయారు.

వెళ్లే వేళ ముఖ్యం. పొద్దున్నేగానీ సాయంత్రంగానీ ఎండ ఏటవాలుగా పడ్డప్పుడే చెక్కిన గీతల్లో నీడ నిలుస్తుంది, మిట్టమధ్యాహ్నం వెళ్తే నున్నటి రాయి తప్ప ఏమీ కనబడదు. చెట్టు నీడలో ఉన్న రాయికి టార్చిలైటు పక్కనుంచి వేయండి. దయచేసి సుద్దముక్క రుద్దకండి, వైరు బ్రష్షు, యాసిడ్ అసలు వద్దు, ఇన్ని వందల ఏళ్లు నిలిచిన అక్షరం మన చేతిలో పోకూడదు.

రాసుకునేటప్పుడు ఏ వరుస ఎక్కడ ఆగిందో అక్కడే ఆపి, తప్పు స్పెల్లింగుతో సహా ఉన్నదున్నట్టు దించండి. చెరిగిపోయిన అక్షరానికి చుక్క పెట్టండి, ఊహించి నింపొద్దు. పక్క సమాధులు ఏవో, ఎంత దూరంలో ఉన్నాయో చిన్న పటం గీస్తే, ఎవరు ఎవరి బంధువో తర్వాత తేలుతుంది.

తేదీల దగ్గర అందరూ తడబడతారు. నెల చోట 7 అంకె పక్కన 'బెర్' అని ఉంటే అది జూలై కాదు, సెప్టెంబరు, 8 ఉంటే అక్టోబరు. ఇంగ్లీషువాళ్ల సమాధి అయితే ఇంకో మెలిక ఉంది: 1752కి ముందు వాళ్ల కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కాబట్టి, జనవరి నుంచి ఆ తేదీలోపు పోయినవాళ్ల సంవత్సరం మన లెక్కకి ఒకటి తక్కువగా ఉండొచ్చు.

ఇంటికొచ్చాక 1897లో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రీ అచ్చువేసిన డచ్చి కట్టడాల పుస్తకంతో పోల్చండి, ఇప్పుడు అరిగిపోయిన వరుసలు అందులో దొరకొచ్చు. 18వ శతాబ్దపు పేరైతే నెదర్లాండ్స్‌లో హేగ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్ ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టిన ఓడ సిబ్బంది జాబితాల్లో వెతకండి: ఏ ఊరివాడు, ఏ ఓడలో, ఏ పనికి వచ్చాడో తెలిసే అవకాశం ఉంది.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. రాయి చెక్కించుకోగలిగింది డచ్చి ఈస్టిండియా కంపెనీ అధికారులు, వాళ్ల కుటుంబాలే. వాళ్లకి బట్ట నేసినవాళ్లూ, మాట తర్జుమా చేసిన దుబాసీలూ కావాలంటే కంపెనీ ఉత్తరాల్లో, లెక్కల పుస్తకాల్లో వెతకాలి, చుట్టుపక్కల పెద్దవాళ్లతో కూర్చుని మాట్లాడాలి. ఆ పని కూడా మొదటి రోజు నుంచే పెట్టుకోండి.